జనాకర్షక ప్రభుత్వములు – ప్రభుత్వోద్యోగులు

(ఒక పఠనమందిరమున జరిగిన యుపన్యాస పాఠము)

నేడు మేము ప్రస్తావింపబూనిన విషయము మీకు క్రొత్తది కాదు. ఏ కచేరీ యరుగుమీద జూచినను, ఏ కాఫీహోటలు బల్లచుట్టు జూచినను దీనిని గూర్చిన సంభాషణమే వినబడుచుండును. “మనము ఓట్లిచ్చి నిలిపినవారి మాట ఈ యుద్యోగులు వినరు” అని యొకరందురు. “ఈ యుద్యోగులు మంత్రిగారి మాటయే విందురు గాని చట్టము మాట వినరు” అని ప్రక్కనున్నవారందురు. ఈ రెండు ఫిర్యాదులు పరస్పర విరుద్ధములుగా గన్పట్టును. కాని రెండును నిజములే. రెండును ఒక్క రోగమునకు రెండు లక్షణములు. ఆ రోగమును గూర్చి మాకు దోచిన నాలుగు మాటలు మీకు మనవి చేయదలచితిమి.

ముందుగా పేరును సరిచూచుకొందము. పేదలకు చౌకగా బియ్యమిచ్చినంతమాత్రమున, వృద్ధులకు పింఛను పెంచినంతమాత్రమున ఏ ప్రభుత్వమును నిందార్హము కాజాలదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట రాజధర్మము. అందు ఆక్షేపింపదగిన దేమియు లేదు. మేము జనాకర్షక ప్రభుత్వమనునది వేఱొక ధోరణిని. “ప్రజలు నన్నెన్నుకొనిరి, కావున నేనే ప్రజలు, నాకును ప్రజలకును నడుమ నిలుచునది శాసనమైనను, న్యాయస్థానమైనను, కచేరీయైనను ప్రజాద్రోహమే” యను ధోరణి యది. ఇది యే యొక్క పక్షమునకో చెందినది కాదు. అధికారమునకు రాగానే ప్రతి పక్షమునకును దీని గాలి సోకుచున్నది.

ఇక ఉద్యోగి యెవడు? అతడు ప్రభువు కాడు, బంటును కాడు. అతని ధర్మమున రెండు భాగములు గలవు. ప్రజాప్రతినిధులు నిశ్చయించిన విధానమును మనస్ఫూర్తిగా నమలుపరచుట ఒకటి. ఆ విధానము శాసనవిరుద్ధమో, అసాధ్యమో యైనప్పుడు నిర్భయముగా ఫైలుమీద వ్రాసి చెప్పుట రెండవది. మొదటిది లేనినాడు స్వరాజ్యము లేదు; రెండవది లేనినాడు న్యాయము లేదు. 1949 అక్టోబరు 10వ తేదీన రాజ్యాంగ నిర్మాణసభలో సర్దారు పటేలు ఉద్యోగివర్గమునకు రక్షణ గల్పించుటను సమర్థించుచు వాదించిన సారాంశ మిదియే. తన యభిప్రాయమును స్వేచ్ఛగా జెప్పగల యుద్యోగివర్గము లేనిచో ఐక్యభారతము నిలువదని యాయన సభకు దెలిపెను. చెఱసాలలయందు మ్రగ్గిన నాయకుడు, నిన్నటివరకు తెల్లదొరల యాజ్ఞలను అమలుపరచిన యుద్యోగులకొఱకు వాదించుట చూచి నొచ్చుకొన్నవారు ఆ సభలోనే కలరు. ఆయన పలికినది ఆ యుద్యోగులయెడ మమకారముచేత గాదు. రాబోవు ప్రజల మేలుకొఱకు. రాజ్యాంగములోని 311వ అధికరణము, ఆరోపణ దెలిపి, విచారణ జరిపి, సమాధానము చెప్పుకొను నవకాశ మియ్యనిదే సివిలు ఉద్యోగిని తొలగింపరాదని విధించుచున్నది. తప్పనిసరి సందర్భములకు గొన్ని మినహాయింపులు మాత్రమే కలవు. ఈ రక్షణ ఉద్యోగి సుఖనిద్రకొఱకు పెట్టినది కాదు. అతడు భయపడకుండ “కాదు” అని వ్రాయగలుగుటకు పెట్టినది.

అట్లయిన ప్రజలకు ఉద్యోగులపై నింత కసి యేల? కసికి కారణమున్నది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడను సామెత మనవారు ఊరక పుట్టించలేదు. భూమి యెవరిదో, పన్నెంతయో, పంట యేదో, అంతయు కరణముగారి కలముమొనపై నుండిన కాలమును పెద్దలెఱుగుదురు. తెలంగాణమున పటేలు పట్వారీల పెత్తన మెట్టిదో చెప్పనక్కఱలేదు. తండ్రి తరువాత కుమారునికి సంక్రమించు ఈ గ్రామోద్యోగపు వారసత్వము రాజ్యాంగవిరుద్ధమని గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరులోనే సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను తరువాత ఇరువదియేండ్లకు పైగా ఆ వ్యవస్థ నీడ పల్లెలను వదలలేదు. ఇట్టి నేలపై “నేను వచ్చి వీరి పీడ వదలించెద” నను నాయకునకు జనము హారతులు పట్టుటలో వింత లేదు.

1982 మార్చి 29న తెలుగుదేశమును స్థాపించిన నందమూరి తారకరామారావుగారు తొమ్మిది నెలలు తిరిగి కొన్ని దినములు గాకమునుపే, 1983 జనవరి 9న ముఖ్యమంత్రియైరి. అట్టి విజయము తెలుగుదేశమున అంతకుముందు కనివిని యెఱుగనిది. వారి పరిపాలనలోని రెండు చర్యలను ప్రక్కప్రక్కన బెట్టి చూచిన మన విషయము విశదమగును.

మొదటిది పదవీవిరమణ వయస్సు. రాష్ట్రోద్యోగుల విరమణ వయస్సును 1979లో 55 నుండి 58కి బెంచిరి. క్రొత్త ప్రభుత్వము 1983 ఫిబ్రవరి 8న, అనగా అధికారమునకు వచ్చిన ముప్పదవ దినమున, దానిని మరల 55కు దించుచు ఉత్తరువు వెలువరించెను. అది ఫిబ్రవరి 28 నుండి అమలు. వ్యవధి ఇరువది దినములు. నిరుద్యోగ యువకులకు అవకాశము కల్పించుట తమ యుద్దేశమని ప్రభుత్వము చెప్పెను. 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులును, ప్రభుత్వసంస్థలలోని 10,000 మందియు దీనివలన ఇంటిదారి పట్టిరని కోర్టు కాగితములలో గలదు. కూతురి పెండ్లికి ముహూర్తము పెట్టుకొన్నవాడు, ఇంటిపని సగములో నున్నవాడు, కుమారుని కళాశాల జీతము కట్టవలసినవాడు అందఱును ఇరువది దినములలో తమ లెక్కలు దిద్దుకొనవలసివచ్చెను. వీరితోపాటు నీటిపారుదల, రెవిన్యూ, వైద్యము మున్నగు శాఖలలోని దీర్ఘకాలపు టనుభవమును ఒక్కనాటి సాయంకాలమునకు కచేరీ గడప దాటిపోయెను.

తరువాత జరిగినది వినుడు. 1984 ఆగస్టులో రామారావుగారిని గవర్నరు తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిని ముఖ్యమంత్రిగా జేసిరి. ఆ క్రొత్త ముఖ్యమంత్రి ఆగస్టు 23న ఆర్డినెన్సుచే వయస్సును తిరిగి 58 చేసెను. సెప్టెంబరు 16న రామారావుగారు మరల పదవికి వచ్చి, ఆ 58నే నిలిపిరి. కాని నడుమ ఇంటికి బోయినవారిని మాత్రము తిరిగి తీసికొనరైరి. 1985 జనవరి 18న కె. నాగరాజు కేసులో సుప్రీముకోర్టు, 55కు దించుట విధానమునకు సంబంధించినది, అది రాజ్యాంగవిరుద్ధము కాదనెను. అదే సంవత్సరమున బి. ప్రభాకరరావు కేసులో, వయస్సును మరల పెంచినప్పుడు నడుమవారిని విడనాడుట అన్యాయమనెను. ఇంకను 58 నిండనివారిని కొలువులోనికి దీసికొనవలసినదని, కాలము మించినవారికి ఆ కాలపు జీతమునుండి పింఛను మినహాయించి పరిహార మియ్యవలసినదని ఆజ్ఞాపించెను. చేయని పనికి జీతము ఎవరు చెల్లించిరి? పన్ను కట్టినవారు చెల్లించిరి. ఒకటిన్నర సంవత్సరములో 58 కాస్త 55 అయి, 55 మరల 58 అయినది.

ఇందు మేము న్యాయవాదులమై గ్రహింపవలసినది ఒకటి కలదు. శాసనబద్ధమైన దంతయు వివేకయుతము గాదు. ప్రభుత్వమునకు ఆ యధికారము కలదని న్యాయస్థానము చెప్పినది. ఆ యధికారమును ముప్పది దినములలో, ఇరువది దినముల వ్యవధితో ఉపయోగింపుమని మాత్రము చెప్పలేదు. ఆ వివేకము పాలకుని యొద్దనే యుండవలయును. లేదా పాలకునితో చెప్పగల ఉద్యోగి యొద్ద నుండవలయును. ఇరువురి యొద్దను లేనినాడు నష్టము ఖజానాకు.

రెండవ చర్య గ్రామోద్యోగుల రద్దు. 1984 జనవరిలో ఆర్డినెన్సు మూలమున కరణము, మునసబు మున్నగు గ్రామోద్యోగములను రద్దు గావించిరి. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీముకోర్టు దీనినిగూడ నిలిపెను. ఈ చర్య విషయమున మా యభిప్రాయము వేఱు. ఇది చేయదగిన పని. వంశపారంపర్యపు కలమును విఱిచినందుకు పల్లెలు సంతసించుట న్యాయమే. 1985లో తాలూకాలకు బదులు మండలము లేర్పడి, కచేరీ రైతు గుమ్మమునకు దగ్గరయగుటయు మేలే. కాని కరణమును తీసివేయుట ఒక ఆర్డినెన్సుతో అయిపోవును; కరణము చేయుచుండిన పని మాత్రము ఆర్డినెన్సుతో అంతరింపదు. అడంగలు వ్రాయువాడు కావలయును. హద్దురాయి యెచ్చటనున్నదో చెప్పువాడు కావలయును. చావుపుట్టుకలు నమోదు చేయువాడు కావలయును. ఆ స్థానమున వచ్చిన కొలువుల పేర్లు, విధులు, జవాబుదారీ పలుమారులు మారుచు వచ్చినవి. తుదకు గ్రామ రెవిన్యూ అధికారి యను పదవి నిలిచెను. ఈ నడుమ కొందఱు పాత కరణములు దస్తరములను ఇంటిలోనే యుంచుకొనుటయు, రైతులు వారి యింటికే పోవుచుండుటయు పల్లె లెఱిగిన విషయమే.

పాఠము నేర్చితిమా? ముప్పదియాఱేండ్లకు తెలంగాణమున అదే కథ మరల జరిగెను. 2020 సెప్టెంబరులో గ్రామ రెవిన్యూ అధికారులపై వచ్చిన లంచపు ఫిర్యాదులు కారణముగా ఆ పదవినే రద్దుచేయు శాసనము తెచ్చిరి. శాసనము సభ ముందుకు రాకమునుపే వారి యొద్దనున్న రికార్డులను స్వాధీనము చేసికొనిరి. అక్టోబరు 29న ధరణి యను యంత్రపుస్తకము తెఱచిరి. పదవి పోయిన యధికారులు దాదాపు రెండేండ్లు స్థిరమైన పనిలేక యుండి, 2022లో లాటరీచే ఇతర శాఖలకు సర్దుబాటు చేయబడిరి. యంత్రములో తప్పుపడిన రైతునకు, దానిని దిద్దమని యడుగుటకు ఊరిలో మనిషి లేడు. సర్వేనంబరు మాఱినవాడు, నిషేధిత జాబితాలో నకారణముగా జేరినవాడు జిల్లా కలెక్టరు కచేరీవరకు, ఆపైన న్యాయస్థానమువరకు పోవలసివచ్చెను. ప్రభుత్వము మాఱెను. 2025లో భూభారతి యను క్రొత్త చట్టము వచ్చెను. గ్రామ పాలనాధికారు లను పేరుతో పల్లెకు మరల ఉద్యోగులను బంపిరి. రద్దుచేసిన పదవియే పేరు మార్చుకొని వచ్చినది. ఉద్యోగులలో లంచగొండు లున్నారా? ఉన్నారు. లంచగొండిని విచారించి శిక్షింపుడు. లంచగొండి కూర్చున్న కుర్చీని కాల్చివేసినచో, రేపు దానియందు గూర్చుండవలసిన నిజాయితీపరునికి గూడ చోటులేకపోవును.

ఆంధ్రప్రదేశమున వేఱొక మార్గము త్రొక్కిరి. అచ్చట కుర్చీని తీసివేయలేదు, ప్రక్కనే మఱియొక కుర్చీ వేసిరి. 2019లో గ్రామ సచివాలయములను స్థాపించి, లక్షకు పైగా యువకులను పరీక్షమూలమున ఉద్యోగములలో నియమించిరి. ఇది మెచ్చదగినది, పల్లెకు కచేరీ వచ్చినది. కాని దానితోపాటు ఏబది యిండ్లకొకరు చొప్పున రెండున్నర లక్షల మందివరకు వాలంటీర్లను నెలకు 5,000 రూపాయల గౌరవభృతిపై నిలిపిరి. పింఛను వీరి చేతులమీదుగా గుమ్మమునకు వచ్చెను. ముసలమ్మకు మేలు జరిగెననుట సత్యము. కాని వారు పరీక్ష వ్రాసి వచ్చినవారు కారు. ఉద్యోగి నిబంధనలు వారికి లేవు. ఉద్యోగి రక్షణయు లేదు. ఎవరు వేసిరో వారికే కట్టుబడవలసిన స్థితి. ఆ కాలముననే పంచాయతీ భవనములకు పాలకపక్షపు రంగులు పూసిరి. వానిని తొలగింపుడని 2020లో హైకోర్టు ఆదేశింపగా, సుప్రీముకోర్టు దానిని నిలిపినది. 2024 మార్చి 30న, ఎన్నికల ముంగిట, వాలంటీర్లచే నగదు పంపిణీ చేయింపరాదని ఎన్నికల సంఘము ఆజ్ఞాపించెను. జూనులో ప్రభుత్వము మాఱెను. వాలంటీర్ల సేవలు కొనసాగలేదు. జూలై మొదటి తేదీని సచివాలయోద్యోగులే ఇంటింటికి పోయి పింఛను పంచిరి. వాలంటీరుగా ఐదేండ్లు గడపిన పల్లె యువకుడు చేతిలో ఉద్యోగము లేక, పింఛను లేక నిలిచెను. అతనిని నమ్మించి వాడుకొన్నవారొకరు, అక్కఱలేదన్నవారు వేఱొకరు. పక్షమును ఆశ్రయించిన కొలువు పక్షముతోనే పోవునని ఇంతకన్న సాక్ష్యము కావలయునా?

ఇది మన దేశమునకే పరిమితమైన వ్యాధి కాదు. అమెరికాలో 1829లో అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సను, ప్రభుత్వోద్యోగములు సామాన్యబుద్ధి గలవా డెవడైనను చేయదగిన సులభ కార్యములనియు, ఒకరే దీర్ఘకాలము పట్టుకొనియుండరాదనియు వాదించెను. వినుటకు ఎంతయో ప్రజాస్వామికముగా నున్నది. ఫలితమేమన, గెలిచిన పక్షము ఉద్యోగములను పంచుకొనుట ఆచారమయ్యెను. 1881లో ఉద్యోగమాశించి భంగపడిన యొకడు అధ్యక్షుడు గార్ఫీల్డును తుపాకితో కాల్చెను, ఆయన మరణించెను. 1883లో పెండిల్టను చట్టము వచ్చి, పరీక్షలచే నియామకము మొదలయ్యెను. ఏబదినాలుగేండ్ల చేటుకు గాని వారికి బుద్ధిరాలేదు.

మహాశయులారా, ఇక అసలు మాట. జనాకర్షక పాలనవలన కచేరీలో జరుగు గొప్ప నష్టము ఉద్యోగము పోవుట గాదు, వ్రాత పోవుట. భయపడిన యుద్యోగి ఫైలుమీద అభిప్రాయము వ్రాయడు. నోటిమాటగా వచ్చిన యాజ్ఞను నోటిమాటగానే నెఱవేర్చును. రేపు విచారణ వచ్చిన “పైనుండి చెప్పిరి” అనును. పైనున్నవారు “మేము చెప్పలేదు” అందురు. మేము న్యాయవాద వృత్తిలో నిత్యము చూచుచున్న దిదియే. పౌరునకు అన్యాయము చేసిన యుత్తరువు కాగితముమీద నున్నచో, దానిని న్యాయస్థానమున సవాలుచేయ వీలగును. పేరు తొలగినది, పింఛను ఆగినది, పట్టా రాలేదు. కాని ఎవరి యాజ్ఞచే నన్నదానికి వ్రాత లేదు. అట్టి కక్షిదారుని చేతబట్టుకొని మేమేమని వాదింతుము? వ్రాతలేని ప్రభుత్వమునకు ఎదురుగా పౌరుడు నిరాయుధుడు. ఉద్యోగి కలము ఆగినచోట ప్రజల హక్కు ఆగిపోవుచున్నది.

ఈ యపాయమును గుర్తించియే 2013 అక్టోబరు 31న టి.యస్.ఆర్. సుబ్రహ్మణ్యము కేసులో సుప్రీముకోర్టు, నోటియాజ్ఞలను ఉద్యోగులు వ్రాతలో నమోదు చేయవలసినదనియు, బదిలీలను గూర్చి సలహా చెప్పుటకు సివిలు సర్వీసు బోర్డు లేర్పఱచి, ఉన్నతోద్యోగులకు కనీసకాల పరిమితి నిర్ణయింపవలసినదనియు ఆదేశించెను. ఆ కేసు వేసినవారు పదవులు విరమించిన ఉన్నతోద్యోగులు. 2014లో నిబంధనలు సవరింపబడి ఐ.ఏ.యస్. పదవులకు సామాన్యముగా రెండేండ్ల కాలము నిర్ణయమయ్యెను. కాగితముమీద నంతయు బాగుగనే యున్నది. ఆచరణలో, ప్రభుత్వము మాఱిన వారములోనే జిల్లాకలెక్టర్ల బదిలీజాబితా పత్రికలలో వెలువడుట మనకు ఆచారమైపోయినది. దానిని జూచి మన మాశ్చర్యపడుటయు మానితిమి.

ఒక ప్రశ్నకు సమాధానము చెప్పి ముగింతుము. “అట్లయిన ఎన్నికైనవారి చేతులు కట్టివేసి, ఉద్యోగులకు రాజ్యము నప్పగింతుమా?” అని మీరడుగవచ్చును. ముమ్మాటికిని గాదు. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యమియ్యవలయునని నిర్ణయింపవలసినది ప్రజాప్రతినిధియే, గుమాస్తా గాదు. కాని ఆ బియ్యము కార్డుగల పేదకు జేరునది గుమాస్తా చిట్టా సరిగా వ్రాసినప్పుడు, గోదాము లెక్క సరిపోయినప్పుడు, దొంగకార్డును తహశీలుదారు కొట్టివేయగలిగినప్పుడు. దొంగకార్డు స్థానిక నాయకుని యనుచరునిదైనను కొట్టివేయు ధైర్య మాయనకు ఉండవలయును. వాగ్దానము నాయకునిది, దానిని నిలుపునది నిర్భయుడైన ఉద్యోగి. అతనిని విఱుగగొట్టిన నాయకుడు తన వాగ్దానమునే విఱుగగొట్టుకొనుచున్నాడు.

మనము చేయదగినది కొంత కలదు. కచేరీలో మీ పని కాదన్నప్పుడు, “ఎందుకు కాదో వ్రాసి యిండు” అని యడుగుడు. ఇయ్యనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు. ముప్పది దినములలో సమాధానము చెప్పవలసిన బాధ్యత వారిది. మీకు నచ్చని యుద్యోగిని బదిలీ చేయింపుడని శాసనసభ్యుని గుమ్మము త్రొక్కకుడు. అతడు తప్పుచేసిన ఫిర్యాదు వ్రాసి, సంతకము చేసి, విచారణ కోరుడు. నేడు మీకొఱకు బదిలీ చేయించినవాడు రేపు మీ శత్రువుకొఱకు గూడ చేయించును. పింఛనుగాని, బియ్యముగాని, పట్టాగాని చేతికి వచ్చినప్పుడు, అది ఫలానా నాయకుని దయయని యెవరైన చెప్పిన, అది మన పన్ను, మన శాసనము, మన హక్కు అని మృదువుగా జెప్పుడు. ఓటడుగ వచ్చినవారిని, వారేమిచ్చెదరో యడుగుటతో ఆపక, ఇచ్చుదానిని ఏ చట్టము క్రింద, ఏ కచేరీమూలమున ఇచ్చెదరో గూడ నడుగుడు.

అన్నిటికన్న ముఖ్యము: ఎప్పుడైన ఒక చిన్న యుద్యోగి, పెద్దవారి యొత్తిడికి లొంగక చట్టప్రకారము “ఇది వీలుకాదు” అని వ్రాసినట్లు తెలిసిన, ఆ “కాదు” మన పనికే యడ్డువచ్చినను, ఆతనిని ద్వేషింపకుడు. నేడు మన కడ్డువచ్చిన యా కలమే రేపు మన పొలము గట్టును, మన బిడ్డ యుద్యోగమును, మన ముసలితల్లి పింఛనును కాపాడవలసిన కలము. అది ఎండిపోకుండ జూచుకొను భారము మనదే.